తడి తగిలితే తుక్కు కూడా చెత్తే: క్యాంపస్ వ్యర్థాలపై పాఠకుల ప్రశ్నలు

కళాశాలలు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో చెత్త వేరు చేయడం, అమ్మడం, ఎరువుగా మార్చడం గురించి మీ సందేహాలు రాయమంటే రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి మీద వచ్చినవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ధరలు మాత్రం రాయలేదు. తుక్కు ధర వారానికో రకం, ఊరికో రకం.

ప్రశ్న: మా క్యాంపస్‌లో ప్రతి వరండాలో తడిచెత్తకు పచ్చ డబ్బా, పొడిచెత్తకు నీలం డబ్బా పెట్టించాం. పోస్టర్లు అంటించాం. మూడు నెలలు తిరిగేసరికి రెండింట్లోనూ ఒకటే చెత్త. ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు. ఏం చేయాలి?
*ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్, కాకినాడ*

ముందు డబ్బాల దగ్గర కాదు, చెత్త ఎత్తే వేళకు బండి దగ్గర నిలబడి చూడండి. చాలాచోట్ల రెండు డబ్బాలూ ఒకే బండిలో గుమ్మరిస్తారు. ఒక్కసారి అది కళ్ళబడిన విద్యార్థి మళ్ళీ వేరు చేయడు, అందులో అతని తప్పేమీ లేదు. తోపుడు బండిని మధ్యలో రేకు పెట్టి రెండు అరలు చేయించవచ్చు. లేదా తడిచెత్త పొద్దున, పొడిచెత్త మధ్యాహ్నం అని వేళలు విడదీయవచ్చు. మా సలహా రెండోదే. పైసా ఖర్చు లేదు, పొరపాటు జరిగితే వెంటనే తెలిసిపోతుంది.

తర్వాత తరగతి గదుల్లోని డబ్బాలు తీసేయండి. గదిలో ఒంటరి డబ్బా ఉన్నంతకాలం అన్నీ అందులోకే పోతాయి. అంతస్తుకు ఒకటో రెండో చోట్ల, మెట్ల దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర పచ్చ, నీలం పక్కపక్కనే పెట్టండి. నీలం డబ్బా మూతకు బాటిల్ పట్టేంత గుండ్రటి కన్నం, కాగితం పట్టేంత సన్నటి చీలిక కోయించండి. టిఫిన్ పొట్లం అందులో దూరదు కాబట్టి చెయ్యి దానంతటదే పచ్చ డబ్బా మీదికి పోతుంది. పోస్టరు మీద "పొడిచెత్త" అని రాసి ఊరుకోకుండా, మీ క్యాంటీన్లో అమ్మే వస్తువులనే ఫొటో తీసి అంటించండి. టీ తాగిన కాగితపు కప్పు ఎందులో వెయ్యాలన్నది అందరికీ వచ్చే అనుమానం. దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలు కాగితం మిల్లు దాన్ని తీసుకోదు, ఎరువు కుప్పలోనూ ఆ పొర కరగదు. స్టీలు గ్లాసులు పెట్టించి కప్పును క్యాంటీన్ నుంచే తీసేయడం తప్ప దీనికి మంచి దారి లేదు.

మీ చెత్త ఎంతో తెలియకుండా ఏ పథకమూ నిలవదు. పరీక్షలు, సెలవులు లేని వారం చూసి ఏడు రోజులు కాటా వేయండి. హాస్టల్, మెస్, తరగతులు, ఆఫీసు, ల్యాబులు దేనికది వేరు. పదడుగుల పట్టా పరిచి, గ్లవ్స్ వేసుకుని, తడి, కాగితం, గట్టి ప్లాస్టిక్, కవర్లు, గాజు, లోహం, శానిటరీ, మిగతావి అని ఎనిమిది కుప్పలు పోసి తూచండి. రోజుకు మొత్తం 100 కిలోలు గానీ అంతకు మించి గానీ ఉంటే మీ ప్రాంగణం చట్టం లెక్కలో భారీ వ్యర్థ ఉత్పత్తిదారు. తడిచెత్తను వీలైనంతవరకు ప్రాంగణంలోనే ఎరువో గ్యాసో చేసుకోవలసిన బాధ్యత మీదే. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చిన కొత్త నిబంధనలు చెత్తను నాలుగుగా వేరు చేయమంటున్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి (బల్బులు, మందులు వంటివి). వరండాలో రెండు డబ్బాలు చాలు. మూడోది హాస్టల్ స్నానాల గదుల్లో ఉండాలి, నాలుగోది స్టోర్స్‌లో తాళం కింద ఉండాలి.

ప్రశ్న: పాత జవాబుపత్రాలు, రికార్డు పుస్తకాలు గదినిండా ఉన్నాయి. వర్షాకాలంలో తుక్కు కొట్టువాళ్ళు వస్తే తేమ పేరు చెప్పి నూటికి పదిహేను కిలోలు తరుగు తీస్తున్నారు. ఇది న్యాయమేనా?
*కళాశాల కార్యాలయ ఉద్యోగి, భీమవరం*

తరుగు తీయడం అన్యాయమని అనలేం. బాగా ఆరిన కాగితంలోనూ కొంత చెమ్మ ఉంటుంది, మన ముసురు రోజుల్లో అది ఇంకా పెరుగుతుంది. మిల్లు కొనేది నారను, నీటిని కాదు. కానీ ఎంత తీయాలన్నది కొట్టువాడి నోటిమాట మీద వదిలేయకండి. నాలుగైదు కట్టల్లోంచి, నడిమి కాగితాలతో సహా, కిలో తీసి తూచి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ తూచండి. తగ్గిందే తరుగు. ఈ లెక్క రాసిన కాగితం ముక్క చేతిలో ఉంటే బేరం తీరే మారిపోతుంది. అంతకంటే మంచిది, అమ్మకాన్ని ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోవడం.

నిల్వ గదిలో కట్టలను నేల మీద పెట్టకండి. డెల్టా నేలల్లో చెమ్మ గచ్చులోంచి పైకి పాకుతుంది. ఆరంగుళాల ఎత్తున చెక్క బల్లలు వేసి, గోడకు అడుగు ఎడంగా పేర్చండి. ఆ సందులోనే చెదలు కూడా కనబడతాయి. గోడకు ఆనించి పేరిస్తే చెద పట్టిన సంగతి కట్ట విప్పాకగానీ తెలియదు.

ఇక వేరు చేయడం. ఒక రికార్డు పుస్తకం తీసుకోండి. పైన ప్లాస్టిక్ కవరు, కింద బ్రౌన్ పేపరు, దాని కింద రెక్సిన్ అంటించిన అట్ట, లోపల కుట్టుదారంతో తెల్ల పేజీలు, అక్కడక్కడా అంటించిన గ్రాఫు కాగితాలు. కవరు లాగేయండి, అట్టను వెన్ను దగ్గర చింపి పేజీలు విడదీయండి. తెల్ల పేజీలు ఒక కుప్ప, అట్టలు ఒక కుప్ప. స్టేపుల్ పిన్నులు పీకుతూ కూర్చోనక్కర్లేదు, గుజ్జు చేసేటప్పుడు మిల్లులో జల్లెడలూ అయస్కాంతాలూ వాటిని పట్టేస్తాయి. ప్రాజెక్టు రిపోర్టుల ప్లాస్టిక్ స్పైరల్ మాత్రం తప్పనిసరిగా తీయాలి. లామినేట్ చేసిన సర్టిఫికెట్లు, నూనె అంటిన కాగితం, వేడితో అచ్చయ్యే ఏటీఎం రసీదులు, బస్సు టికెట్లు తెల్ల కుప్పలో కలవకూడదు. తెల్ల కాగితం, అట్ట, న్యూస్‌పేపరు మూడూ కలిపి అమ్మితే మూడింటికీ వచ్చేది అన్నిట్లోకీ తక్కువ ధరే.

జవాబుపత్రాలు మీ విశ్వవిద్యాలయం చెప్పిన గడువు, పునర్మూల్యాంకనం, కోర్టు వ్యవహారాలు అన్నీ తీరాకే తీయాలి. ముక్కలు కత్తిరించి అమ్మితే నార పొట్టిదై ధర పడిపోతుంది. ముక్కలు చేయకుండానే మిల్లుకు పంపి, మీ ఉద్యోగి ఎదుటే గుజ్జు తొట్టిలో వేయాలని టెండరులో షరతు రాయండి.

ఇంకో లెక్క కూడా పెట్టుకోండి. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల) ఏ4 రీము, అంటే 500 కాగితాలు, దాదాపు 2.3 కిలోలు. ఏడాదికి కొన్న రీములను దీంతో గుణించి, అమ్మిన తెల్ల కాగితంతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే కాగితం ఎక్కడో తడిచెత్తలో కలుస్తోందన్నమాట.

ప్రశ్న: అయ్యా, హాస్టల్ వెనక ఆరడుగుల గొయ్యి తీయించి మెస్ చెత్త అందులో పోయిస్తున్నామండి. వానలకు గొయ్యి నిండిపోయింది. కుళ్ళు వాసన, ఈగలు, తెల్ల పురుగులు. పక్క వీధివాళ్ళు గొడవ పెట్టుకుంటున్నారు. ఎరువు మాత్రం కాలేదు. ఎక్కడ తప్పు జరిగిందండీ?
*మెస్ ఇన్‌చార్జి, పాలకొల్లు*

గొయ్యి తవ్వడమే తప్పండి. మెట్ట ప్రాంతంలో పనికొచ్చే పద్ధతి మన దగ్గర పనికిరాదు. నల్లరేగడి, నీళ్ళు ఇంకవు. కాలువలు పారే రోజుల్లో నాలుగడుగులు తవ్వితే ఊట పడుతుంది. చెత్త నీళ్ళలో మునిగితే గాలి ఆడదు, గాలి ఆడని చోట ఎరువు చేసే సూక్ష్మజీవులు చచ్చి, కుళ్ళబెట్టేవి పెరుగుతాయి. ఆ గొయ్యి మట్టితో పూడ్చేయండి.

దాని బదులు నేలకు అడుగు ఎత్తున గచ్చు తిన్నె కట్టించి, ఒక వైపుకు వాలు ఇచ్చి, కారే నీరు చిన్న తొట్టిలోకి పోయేట్టు కాలువ తీయండి. పైన రేకుల కప్పు. వాయుగుండం పట్టినప్పుడు జల్లు ఏటవాలుగా కొడుతుంది కనుక కప్పు తిన్నెకు అన్ని వైపులా మూడడుగులు బయటికి రావాలి. ఇటుకల అరలు కడితే ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదలండి.

ఇక పాళ్ళు. మెస్‌లో మిగిలిన అన్నం, కూర, సాంబారు కలిసిన చెత్తలో నూటికి 75 నుంచి 80 వంతులు నీరే. ముందుగా చిల్లుల డబ్బాలో గంటసేపు వడగట్టండి. తర్వాత 100 కిలోల మెస్ చెత్తకు 40 కిలోల ఎండుటాకులు కలిపితే తేమ 60 వంతుల దగ్గరికి దిగుతుంది, కర్బన నత్రజనుల నిష్పత్తి (ఒక పాలు నత్రజనికి కర్బనం ఎన్ని పాళ్ళో) 27 దరిదాపుల్లోకి వస్తుంది. కావలసింది 25 నుంచి 30. నలభై కిలోల ఎండుటాకులంటే ఎనిమిది, పది గోనె సంచులు, తేలిగ్గా తీసుకోకండి. ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, చెత్త వచ్చేది ఏడాది పొడుగునా. రాలిన ఆకును తగలబెట్టకుండా కప్పు కింద నిల్వ చేయడం మీదే ఈ పనంతా ఆధారపడి ఉంది. ఆకు చాలకపోతే నాలుగంగుళాల ముక్కలుగా నరికిన వరిగడ్డి వాడండి. కొబ్బరి పొట్టు నీళ్ళు బాగా పీలుస్తుంది కానీ తొందరగా చివకదు, పొడి సరుకులో నాలుగో వంతు మించనీయకండి. రైసుమిల్లు ఊక గాలి ఆడటానికి పనికొస్తుంది. అందులో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ, అది ఎరువు కావడానికి చాలాకాలం పడుతుంది. పది కిలోలు చాలు.

కలపడంలోనే చాలామంది పొరపడతారు. అన్నం ముద్దను ముద్దలాగే కుప్ప మీద పోస్తే అది లోపల పిండిలా అతుక్కుని, వారం తర్వాత పగలగొట్టినా తెల్లగా, పుల్లటి వాసనతో ఉంటుంది. ముందు జానెడు మందాన ఆకు పరవండి. దాని మీద అన్నాన్ని పలచగా చల్లి పారతో చిదిపి తిరగెయ్యండి. మళ్ళీ ఆకు. ప్రతి రోజు పొర మీద రెండంగుళాలు పాత ఎరువు కప్పండి, ఈగ గుడ్డు పెట్టదు. కుప్ప కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేడెక్కదు. నడిమిన వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరి కనీసం మూడు రోజులు నిలవాలి. అప్పుడే రోగక్రిములు, కలుపు గింజలు చస్తాయి. నాలుగో రోజు ఒకసారి, తర్వాత వారానికోసారి అంచుల్లోది నడిమికి వచ్చేట్టు తిరగెయ్యండి. నలభై అయిదు రోజులకు నల్లబడుతుంది, ఇంకో మూడు వారాలు మాగనివ్వండి.

తేమ చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో చెమ్మ మెరిసి, ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఆకు కలపండి. చెయ్యి తెరవగానే పొడిగా రాలిపోతే నీళ్ళు చల్లండి. ముక్కు కూడా చెబుతుంది: కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదు, తిరగెయ్యండి. ఘాటుగా మూత్రం వాసన వస్తే నత్రజని ఎక్కువైంది, పొడి సరుకు కలపండి. మీరు చూసిన తెల్ల పురుగులు ఈగలవి. ఎప్పుడైనా గోధుమరంగులో లావుగా, తొనలు తొనలుగా ఉన్న పురుగులు కనబడితే భయపడి మందు కొట్టకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, చెత్తను తినిపెట్టేవే.

ఆవకాయ, ఊరగాయ మిగుళ్ళు, చేప ముళ్ళు, మాంసం ఎముకలు ఇందులో వద్దు. ఉప్పు ఎక్కువైన ఎరువు మొక్కల వేళ్ళను మాడుస్తుంది. కడియం నర్సరీలవాళ్ళకు అమ్మాలనుకుంటే మొదట అడిగేది అదే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో (ఊరి చెత్తతో చేసిన ఎరువులో) ఉప్పు ఎంతుందో చెప్పే లవణ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్సులు మించకూడదు, కర్బన నత్రజనుల నిష్పత్తి 20 లోపు ఉండాలి. అమ్మే ముందు ప్రయోగశాలలో ఒకసారి చూపించండి.

ప్రశ్న: మా గేటు దగ్గర రోజూ వందల బొండాలు అమ్ముడవుతాయి. ఆ డొప్పలు ఎక్కడ వెయ్యాలి? పీచు మిల్లులు తీసుకుంటాయా?
*డిగ్రీ విద్యార్థిని, అమలాపురం*

పీచు మిల్లులకు ముదురు కాయ డొక్క కావాలి. లేత బొండాం పీచుకు బలం ఉండదు, పైగా బరువులో ఎక్కువ భాగం నీరే కనుక లారీ ఖర్చు కూడా గిట్టదు. ఇక్కడ అసలు ప్రమాదం దోమ. వెల్లకిలా పడ్డ డొప్పలో వాననీళ్ళు నిలిస్తే డెంగీ దోమ వారం, పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దోమ అవుతుంది. అందుకని బొండాం తాగగానే నాలుగు చెక్కలు చేయమని అమ్మేవాళ్ళకు చెప్పండి. కత్తి వాళ్ళ చేతిలోనే ఉంటుంది, అర నిమిషం పని.

ఆ చెక్కలను చెట్ల పాదుల్లో గుండ్రటి వైపు పైకి, గుంట నేలకు ఉండేలా రెండు వరసలు పరవండి. ఎండాకాలం తడి ఆరనివ్వవు, కలుపు రానివ్వవు. మిగిలినవి ముక్కలు చేసే యంత్రంలో రెండంగుళాల తునకలుగా కొట్టి, ఎండబెట్టి పైన చెప్పిన ఎరువు కుప్పలో ఆకుతోపాటు వేయవచ్చు. పచ్చివి వేస్తే తేమ పెరుగుతుంది. మెస్‌లో పగలగొట్టిన ముదురు కొబ్బరి చిప్పలు మాత్రం దేనిలోనూ కలపకండి. అవి ఏళ్ళ తరబడి చివకవు, కానీ బొగ్గు కాల్చేవాళ్ళు కొంటారు.

ప్రశ్న: ప్లాస్టిక్‌లో ఏది అమ్ముడవుతుంది, ఏది అవదు? కొట్టువాళ్ళు బాటిళ్ళు తీసుకుని చిప్స్ ప్యాకెట్లు మా ముఖాన పడేస్తున్నారు.
*హాస్టల్ విద్యార్థి సంఘం, తాడేపల్లిగూడెం*

ఒక నీళ్ళ బాటిల్, దాని మూత కత్తిరించి బకెట్ నీళ్ళలో వేసి చూడండి. సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. సీసా పెట్ అనే ప్లాస్టిక్, మూత పాలీప్రొపిలీనో పాలీఎథిలీనో. రీసైక్లింగ్ కర్మాగారంలో వీటిని విడదీసేదీ ఈ నీళ్ళ తొట్టి పద్ధతిలోనే. కానీ సీసాకు వేడితో బిగించిన పీవీసీ అనే మరో ప్లాస్టిక్ తొడుగు ఉంటే అదీ పెట్‌తోపాటే మునుగుతుంది. పెట్ కరిగే 250 డిగ్రీల పైన పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది, సరుకంతా పసుపుబారుతుంది. అందుకే తొడుగు చింపేసి, మిగిలిన నీళ్ళు ఒంపి, నలిపి, మూత వేరే సంచిలో వేయండి. లీటరు సీసాలు కిలోకు నలభై, యాభై దాకా తూగుతాయి. నలపకపోతే గోనె సంచి నిండా గాలే మోస్తారు.

మెస్‌లో పాల, పెరుగు కవర్లు మంచి సరుకు, కానీ కడగకుండా పడేస్తే ఒక్క రాత్రికే కంపు కొట్టి ఎవరూ ముట్టరు. మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగకుండా వేలాడేట్టు వదలండి. తెగిన చిన్న ముక్కలు మురుగులోకి పోవడమే కానీ ఏ సంచిలోకీ చేరవు. కడిగి, దండెం మీద ఆరేసి, వందేసి కట్టలు కట్టండి.

చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లలో రెండు మూడు రకాల పొరలు అతుక్కుని, మధ్యలో అల్యూమినియం పూత ఉంటుంది. వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. కొట్టువాడిది మొండితనం కాదు, అతని దగ్గర కొనేవాడే లేడు. పొడిగా విడిగా పోగేసి మున్సిపాలిటీ పొడిచెత్త కేంద్రానికి ఇస్తే సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడతారు. తడిసినవి అక్కడా పనికిరావు. ఇంకొకటి, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ 2022 జులై 1 నుంచి నిషేధం. మీ ఫెస్టుల్లో అవి కనబడితే అది వేరు చేయాల్సిన చెత్త కాదు, కొనకూడని సరుకు. అరిటాకు వేయించండి, తిన్నాక ఆకుతో సహా ఎరువు కుప్పకే.

ప్రశ్న: ల్యాబుల్లో పగిలిన బీకర్లు, పాత కంప్యూటర్లు, యూపీఎస్ బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు పేరుకుపోయాయి. అన్నీ కలిపి వేలం వేసేయవచ్చా?
*స్టోర్స్ ఇన్‌చార్జి, రాజమహేంద్రవరం*

వేయకూడదు. బీకరు గాజు బోరోసిలికేట్, వేడికి తట్టుకునే రకం. సీసా గాజు కరిగే వేడికి అది సరిగా కరగక, కొత్త సీసాల్లో గడ్డలుగా మిగిలి పగుళ్ళు తెస్తుంది. పగిలిన బీకర్లను కడిగి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన "పగిలిన గాజు" అని పెద్దగా రాసి విడిగా ఇవ్వండి. ఎత్తేవాళ్ళ చేతులు కోసుకుపోయేది ఈ ఒక్క జాగ్రత్త లేకే.

కంప్యూటర్లు, ప్రింటర్లు 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడాదిలో ఎప్పుడైనా కనీసం వెయ్యి పరికరాలు వాడుకలో ఉన్న సంస్థ భారీ వినియోగదారు. అలాంటి సంస్థ పాతవాటిని నమోదైన ఉత్పత్తిదారుకో, మరమ్మతుదారుకో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. ఎక్కువ పాట పాడిన తుక్కువాడికి ఇస్తే, అతను రాగి కోసం తీగలు కాల్చి, బంగారం కోసం బోర్డులను ఆమ్లంలో ముంచి, ఆ నీళ్ళు కాలువలోకి వదులుతాడు. ఆ కాలువ నీళ్ళే చెరువులకూ చేలకూ వెళతాయి. టెండరు పెట్టేటప్పుడే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నమోదు పత్రం అడగండి. హార్డ్ డిస్కులు ముందే తీసి సమాచారం చెరిపించండి. పాత సామాను పనికిరాదని తేల్చే కండెమ్నేషన్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోకపోతే పేరుకుపోవడం ఆగదు.

బ్యాటరీల్లోని ఆమ్లం ఒంపకండి. నిలువుగా, మూతలు బిగించి, ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, కొత్తవి కొనేటప్పుడు పాతవి వెనక్కి తీసుకోవాలన్న షరతుతో అప్పగించండి. ఎల్‌ఈడీ కాని పాతరకం ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. కొత్త ట్యూబ్ వచ్చిన అట్ట తొడుగులోనే పాతదాన్ని దూర్చి నిలబెట్టండి. పగిలితే కిటికీలు తెరిచి, పావుగంట గదిలోంచి వెళ్ళిపోయి, చీపురు వాడకుండా అట్టతో ఎత్తి, మూత బిగించే సీసాలో వేయండి.

ప్రశ్న: మా మెస్ బయోగ్యాస్ ప్లాంటులో గ్యాసు వస్తోంది కానీ అంటుకోవడం లేదు. ఎందుకు?
*ఇంజనీరింగ్ కళాశాల నుంచి, తణుకు*

మేత, అంటే ప్లాంటులో వేసే చెత్త, ఎక్కువై పులిసింది. అన్నం, పిండి పదార్థాలు త్వరగా ఆమ్లమవుతాయి. మండే వాయువైన మీథేన్ చేసే సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరిగేవి, ఆ వేగం అందుకోలేవు. అప్పుడు వచ్చేది చాలావరకు బొగ్గుపులుసు వాయువే, అది మండదు. పులుపు కొలిచే పీహెచ్ కాగితంతో చూడండి, 6.8 నుంచి 7.2 మధ్య ఉండాలి. 6.5 కిందికి దిగితే వారం రోజులు మేత ఆపేసి, సున్నపు తేట రోజుకు కొద్దికొద్దిగా పోస్తూ, బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీ (ప్లాంటులోంచి బయటికి వచ్చే చిక్కటి నీళ్ళు) కలపండి. అది దొరక్కపోతే గేదె పేడ నీళ్ళు. నిమ్మ, బత్తాయి తొక్కలు, గుడ్డు పెంకులు, ఎముకలు లోపలికి పోకూడదు.

ప్లాంటు బాగుంటే 100 కిలోల మెస్ చెత్తకు రోజుకు 8 నుంచి 10 ఘనమీటర్ల గ్యాసు వస్తుంది, అది సుమారు 4 కిలోల వంటగ్యాసుకు సమానం. పరీక్షించేటప్పుడు ప్లాంటు దగ్గర అగ్గిపుల్ల గీయకండి, వంటగది పొయ్యి దగ్గరే చూడండి. మంట నీలంగా అయిదు నిమిషాలు నిలిస్తే మామూలు మేతలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, చెత్తను మెత్తగా రుబ్బి సమానంగా నీళ్ళు కలిపి పోస్తూ, మూడు వారాల్లో పూర్తి మేతకు రండి.